లావు తీగ కట్టారా? ముందు గిటారు మెడ చూడండి!

చవితి పందిట్లోనో, మావుళ్లమ్మ ఉత్సవాల్లోనో ఆర్కెస్ట్రా జోరుగా సాగుతుంటుంది. రాత్రి పదకొండు దాటుతుంది. ‘వన్స్ మోర్’ అంటూ ముందు వరుసలోని కుర్రకారు ఈలలు వేస్తుంటారు. పాట మధ్యలో గిటారు ముక్క వస్తుంది. వాయించే అబ్బాయి ఉత్సాహం కొద్దీ సన్న తీగను మెట్టు మీద పక్కకు గట్టిగా లాగుతాడు. టప్పున తెగుతుంది. పోయింది ఒక్క తీగే కదా అనుకోవడానికి లేదు. ఊగే బ్రిడ్జి ఉన్న గిటారైతే మిగిలిన ఐదింటి శ్రుతీ అప్పటికప్పుడే మారిపోతుంది. కీబోర్డు ఆయన దయ తలిచి ఆ నాలుగు చరణాలూ లాక్కొస్తే పరువు దక్కినట్టు.

మర్నాడు ఆ అబ్బాయి చేసే మొదటి పని లావు తీగల సెట్టు కొనుక్కు రావడం. తెగినది సన్న తీగ కాబట్టి లావు తీగ కడితే తెగదని లెక్క. లెక్క తప్పు కాదు. కానీ సగమే.

ఆర్కెస్ట్రా పార్టీలు మునుపటంత లేకపోయినా జిల్లాలో ఎలక్ట్రిక్ గిటార్లకు కొదవ లేదు. పెళ్లి రిసెప్షన్లలో ఉన్నాయి, చర్చి ఆరాధనల్లో ఉన్నాయి, కాలేజీ వార్షికోత్సవాల్లో ఉన్నాయి. వాయించేవారిలో చాలామంది పగలు వేరే పని చూసుకుంటూ, రాత్రి ప్రోగ్రాం డబ్బులతో ఇల్లు సర్దుకునేవారే. అలాంటి వారికి గిటారు మెడ వంకర పోవడమంటే మోటారు సైకిలు ఛాసిస్ వంగినంత నష్టం.

వెంట్రుకవాసి తేడా... బస్తా బరువు

గిటారు తీగల సెట్టును అందులోని అతి సన్న తీగ మందంతో పిలుస్తారు. కొలత అంగుళంలో వెయ్యో వంతుల్లో. తొమ్మిదో నంబరు సెట్టు అంటే సన్న తీగ మందం 0.009 అంగుళం. మన కొలతలో 0.23 మిల్లీమీటర్లు. పదో నంబరుది 0.25, పదకొండోదానిది 0.28. ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ మధ్య తేడా తల వెంట్రుక మందం కూడా ఉండదు. రెండు తీగలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలామంది ఏది ఏదో చెప్పలేరు.

కంటికి ఆనని ఆ తేడా మెడకు మాత్రం బాగా ఆనుతుంది. తీగ లావైతే బరువెక్కుతుంది. బరువైన తీగ అదే శ్రుతి పలకాలంటే మరింత బిగించాలి. మందం పెరిగిన దానికంటే బిగువు వేగంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు నాలుగు రెట్లు కావాలి. తొమ్మిది నుంచి పదికి మారితే సన్న తీగ లాగుడు సుమారు 6 కిలోల నుంచి 7.3 కిలోలకు చేరుతుంది. పదకొండు కడితే 9 కిలోలకు కాస్త తక్కువ.

ఆరు తీగలూ కలిపి చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇరవై అయిదున్నర అంగుళాల తీగ పొడవున్న గిటారు మీద తొమ్మిదో నంబరు సెట్టు మొత్తం లాగుడు సుమారు 38 కిలోలు. పదో నంబరుది 46 పైచిలుకు. పదకొండోది 53 కిలోల దాకా. సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే అంగుళం మందం కూడా ఉండీ లేనట్టుండే కొయ్య మెడ మీద పదకొండో నంబరు సెట్టు రాత్రీ పగలూ ఒక బస్తాకు పైగానే లాగుతూ ఉంటుందన్నమాట. గిటారు పెట్టెలో పడుకున్నా ఆ లాగుడు మానదు.

లాభం లేకపోలేదు

అయినా జనం ఊరికే లావు తీగ వైపు పోరు. గట్టి చెయ్యి ఉన్నవాడికి సన్న తీగ నిలవదు. మెట్టు మీద కాస్త ఎక్కువ నొక్కితే చాలు, స్వరం పైకి జరిగి అపస్వరంగా వినిపిస్తుంది. ముక్కతో బలంగా మీటితే తీగ బారుగా ఊగి మెట్లకు కొట్టుకుని గరగరలాడుతుంది. లావు తీగకు బిగువెక్కువ కాబట్టి ఆ ఊగుడు తక్కువ. శ్రుతి మీద నిలకడగా నిలుస్తుంది.

నాదం సంగతి ఇంకొకటి. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అనే అయస్కాంతం, దాని చుట్టూ సన్న రాగి తీగ చుట్ట ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. అదే ఆంప్లిఫయరుకు వెళ్లి మోత అవుతుంది. తీగలో లోహం ఎక్కువైతే పుట్టే కరెంటూ ఎక్కువే. స్వరం నిండుగా, కండ పట్టినట్టు ఉంటుంది. ఖర్జ తీగల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక్కడే ఒక మోసం కూడా ఉంది. చిన్న ఊళ్ల దుకాణాల్లో ‘హెవీ’ అంటూ చేతిలో పెట్టేది ఒక్కోసారి మామూలు చెక్క గిటారుకు కట్టే కంచు చుట్టిన సెట్టు. అది చెక్క గిటారు మీద గణగణ మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారు మీద కడితే చుట్టు తీగలు నీరసంగా పలుకుతాయి. కంచును అయస్కాంతం పట్టించుకోదు, లోపలి సన్న ఉక్కు మాత్రమే పనిచేస్తుంది. పాకెట్టు మీద ఎలక్ట్రిక్ అని ఉందా, నికెల్ చుట్టు అని ఉందా చూసి కొనాలి.

విల్లుకు నారి బిగించినట్టు

లావు తీగలు ఎక్కించగానే మెడ తల వైపు నుంచి ముందుకు వంగుతుంది. తీగలు మెట్లకు ఎత్తున నిలుస్తాయి. నొక్కితే వేళ్లు నొప్పి. మెడ లోపల ట్రస్ రాడ్డు అనే ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది.

ఎంత వంగిందో చూసుకోవడం కష్టమేమీ కాదు. లావు తీగను మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, మెడ చివరి మెట్టు దగ్గర మరో చేత్తో నొక్కి పట్టాలి. ఏడో మెట్టు మీద తీగకూ మెట్టుకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందుంటే సరిపోయినట్టే. కార్డులు రెండు మూడు దూరుతున్నాయంటే మెడ వంగింది. తీగలు కాస్త వదులు చేసి, ఆ గిటారుకు సరిపోయే కీతో ట్రస్ రాడ్డును పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. కొయ్య సర్దుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. తిరగనంటోందని పళ్లు బిగించి తిప్పారో, నట్టు మర అరిగిపోతుంది. అప్పుడు బాగు చేయించే ఖర్చుతో పాత గిటారు ఇంకొకటి వస్తుంది.

సీనియర్ వాద్యగాళ్లు కుర్రాళ్లను అడిగే ప్రశ్న కూడా ఇదే. “ఏరా అబ్బాయ్, తీగ మార్చావు సరే, మెడ చూశావా?”. “లేదు మాస్టారూ” అనే జవాబే ఎక్కువ.

మెడతో పని తీరలేదు. తల దగ్గర తీగలు కూర్చునే గాడీల పట్టీ ఉంటుంది. దాన్ని నట్ అంటారు. సన్న తీగలకు కోసిన గాడీలో లావు తీగ ఇరుక్కుంటుంది. శ్రుతి తిప్పుతుంటే కిర్రుమని ఆగి, ఒక్కసారి జారుతుంది. గాడీని కొంచెం వెడల్పు చేయాలి. పక్కింటి వడ్రంగి ఆకురాయి అరువు తెచ్చి లోతుగా రుద్దితే తీగ మొదటి మెట్టుకు తగిలి గరగరమంటుంది. వెడల్పు చేయాల్సింది పక్కలకు, అడుక్కి కాదు.

ఊగే బ్రిడ్జి గిటార్లకు వెనక మూత తీస్తే స్ప్రింగులు కనిపిస్తాయి. ఐదింటికి చోటున్నా మామూలుగా మూడే ఉంటాయి. తీగలు ముందుకు లాగుతుంటే ఇవి వెనక్కి లాగుతుంటాయి. తక్కెడలాంటి వ్యవహారం. తీగల వైపు ఎనిమిది, పది కిలోలు పెరిగితే బ్రిడ్జి ముందుకు లేచి నిలబడుతుంది. స్ప్రింగుల మరలు బిగించడమో, నాలుగో స్ప్రింగు తగిలించడమో చేయాలి.

చివరగా పన్నెండో మెట్టు పరీక్ష. తీగను అక్కడ తేలిగ్గా తాకించి మీటితే వచ్చే స్వరమూ, నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటే కావాలి. లావు తీగకు నొక్కిన స్వరం సాధారణంగా పైకి పోతుంది. బ్రిడ్జి మీది సాడిల్ మరను తిప్పి కాస్త వెనక్కి జరపాలి. ఈ ఒక్కటీ వదిలేసిన గిటారు కిందిమెట్ల మీద శ్రుతిగానే ఉంటుంది, పై మెట్లకు వెళ్లేసరికి గాయకుడి మొహం మారుతుంది.

ఇద్దరు దొరల కథ

లావు తీగ మోజుకు మూల పురుషుడుగా అందరూ చెప్పే పేరు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి చెందిన స్టీవీ రే వాన్. 1954లో పుట్టి, 1990లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. ఆయన పదమూడో నంబరు తీగలు కట్టేవాడు. ఆ గంభీర నాదం విని ఎందరో ఆ దారి పట్టారు. అయితే శ్రుతిని అర స్వరం కిందికి దించి వాయించేవాడన్న సంగతి చాలామంది గమనించరు. అలా దించితే బిగువు పదోవంతు తగ్గుతుంది. పదమూడు కట్టినా చేతికి పన్నెండుకు కాస్త ఎక్కువగా తగులుతుంది. అంత చేసినా వేలి కొనలు చీలిపోయి, సూపర్ గ్లూతో అతికించుకుని వేదికెక్కిన రోజులున్నాయి.

రెండో ఆయనది సరిగ్గా తిరగేసిన కథ. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో కార్మికుడు. 1965లో, పదిహేడేళ్ల వయసులో, యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి మెట్లు నొక్కాల్సిన చెయ్యే అది. ఫ్యాక్టరీ మేనేజరు ఆయనకు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. మంటల్లో చెయ్యి కాలి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటారు వాయించి పేరు తెచ్చుకున్న వాద్యగాడు రైన్‌హార్ట్. అయోమీ గిన్నెలు కడిగే సబ్బు ద్రావకం సీసా ప్లాస్టిక్కు కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. నొప్పికి తట్టుకోలేక లావు తీగ వదిలి, సన్నటి బాంజో తీగలు తెచ్చి గిటారుకు కట్టాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు. తర్వాత ఆయన బ్లాక్ సబ్బాత్ బృందంతో వాయించిన గిటారు బరువుకు పేరెక్కింది. తీగ సన్నమే, మోత లావే.

వాన్‌ను చూసి శ్రుతి దించుదామంటే ఆర్కెస్ట్రాలో ఇంకో తంటా ఉంది. గాయకుడి గొంతును బట్టి కీబోర్డు ఆయన ఒక్క మీట నొక్కి శ్రుతి మార్చేస్తాడు. గిటారు ఆయన మాత్రం ప్రతి పాటకూ వేళ్ల చోటు మార్చి లెక్క కట్టుకోవాలి. రాత్రికి ముప్పై పాటలుంటే ముప్పైసార్లు.

గమకం దగ్గర అసలు పరీక్ష

మన పాటకు లావు తీగ పెట్టే పరీక్ష గమకం. సినిమా పాటైనా, కీర్తనైనా స్వరం స్వరంగా పలికితే చాలదు, జారాలి, ఊగాలి. గిటారు మీద అది తీగను పక్కకు లాగితేనే వస్తుంది. లాగాల్సిన దూరం సన్న తీగకైనా లావు తీగకైనా దాదాపు ఒకటే. బలం మాత్రం లావు తీగకు బిగువు పెరిగినంతా పెరుగుతుంది. తొమ్మిదో నంబరు మీద అలవోకగా వచ్చే జారు పదకొండు మీద సగంలో ఆగితే, వినేవారికి అది అపస్వరమే.

తీగల అమరికను గమకం కోసమే మార్చుకున్న మనిషి ఈ జిల్లావాడే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయన పట్టింది గిటారు కాదు, మాండలిన్. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జత తీగలను ఒక్క వేలితో సమంగా లాగడం సాధ్యం కాదు, నాదం కూడా చప్పున ఆగిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు వాయించేవాడు. అలా గొంతును వెతుక్కుంటూ వెళ్లిన వేళ్లు అవి. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేశాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరులో చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన వయసు నలభై అయిదే. పొరుగువాడు ఏ నంబరు కట్టాడన్నది ఆయన చూసుకోలేదు, స్వరానికి అడ్డమేదో అది తీసేశాడు.

మారాలనుకునే వారు ఒక్కో నంబరే ఎక్కడం మేలు. తొమ్మిది నుంచి పది, పదికి చెయ్యి అలవాటు పడ్డాక పదకొండు. వేలి కొనలకు కాయలు కాసేదాకా కొద్ది వారాలు రోజుకు అరగంట చొప్పున వాయించాలి. మణికట్టు గుంజితే ఆపేయాలి. వేలి నొప్పి తగ్గుతుంది కానీ మణికట్టు నొప్పి ముదిరితే నెలల తరబడి ప్రోగ్రాములు పోతాయి. సీజను నడుస్తుండగా మార్చకూడదు. మూఢం రోజులు ఇందుకు అనువు, పెళ్లిళ్లు ఉండవు.

కట్టిన తీగలను కాపాడుకోవడం మరో పని. గోదావరి గాలికి, అరచేతి చెమటకు తీగ తుప్పెక్కడం చూస్తుండగానే జరిగిపోతుంది. చవితి రాత్రి తెగిన తీగల్లో సగం సన్నదనం వల్ల కాక తుప్పు వల్లే తెగి ఉంటాయి. వాయించడం అయ్యాక పాత పంచె ముక్కతో తీగ పైనా కిందా తుడిచి పెట్టెలో పెట్టాలి. అదే పెట్టెలో ఒకటో తీగ విడిగా రెండు ఉంచుకుంటే, రాత్రి పదకొండు గంటలకు కీబోర్డు ఆయన వైపు చూడాల్సిన అవసరం రాదు.