బూజు పట్టిన జొన్న, కొవ్వు మారిన కాలేయం

కాలేయంలో కొవ్వు అనగానే ఫ్యాటీ లివర్ గుర్తొస్తుంది. అది కణం లోపల బొట్లుబొట్లుగా పేరుకునే కొవ్వు. కణం చుట్టూ ఉండే పొరలో కూడా కొవ్వు ముఖ్య భాగం. క్యాన్సర్ దారి పట్టిన కాలేయ కణం ఈ పొరను కూడా మార్చేసుకుంటుంది. ఈ సంగతి పట్టిచ్చిన వాటిలో ఒకటి మొక్కజొన్న బూజు.

దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌కై ప్రాంతంలో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువ. అక్కడి ప్రధాన ఆహారం మొక్కజొన్న. ఆ క్యాన్సర్‌కు కారణం వెతుకుతూ, మొక్కజొన్నకు పట్టే ఫ్యుజేరియం బూజు నుంచి 1988లో ఆ దేశపు శాస్త్రవేత్తలు ఫ్యుమోనిసిన్ బి1 అనే విషాన్ని వేరుచేశారు. దీన్ని మేతలో కలిపి పెడితే ఎలుకల కాలేయంలో చిన్న చిన్న గడ్డలు లేచాయి. అవి అప్పటికి క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారగలవి.

ఆ గడ్డల్లోని కొవ్వును విడదీసి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కొలెస్ట్రాల్ పెరిగింది. ఒకే ద్విబంధం ఉన్న ఓలియిక్ ఆమ్లం పెరిగింది. ద్విబంధాలు ఎక్కువున్న పొడవాటి కొవ్వు ఆమ్లాలు తగ్గాయి. ఈ తగ్గడంలోనే అసలు కిటుకు ఉందని నా నమ్మకం. ద్విబంధాలు ఎన్ని ఎక్కువుంటే ఆక్సిజన్ అంత తేలిగ్గా దాడిచేస్తుంది. డబ్బాలో నూనె ముక్కిపోయేది ఈ చర్యవల్లే. ఒంట్లో దెబ్బతిన్న కణం చనిపోవడానికీ ఇదొక మార్గం. ఆ కొవ్వులు తగ్గాక గడ్డలోని కణానికి ఆ చావు తప్పుతుంది. చుట్టూ ఉన్న మంచి కణాలు విషానికి రాలిపోతుంటే, అది మాత్రం పెరుగుతూ పోతుంది.

1991లో ఇంకో ముడి వీడింది. ఫ్యుమోనిసిన్ ఆకారం స్ఫింగనిన్ అనే కొవ్వు పదార్థాన్ని పోలి ఉంటుంది. ఆ పోలికతోనే సెరమైడ్ తయారుచేసే ఎంజైమును అడ్డుకుంటుంది. కణానికి ‘ఇక చాలు, చచ్చిపో’ అని చెప్పే సంకేతాల్లో సెరమైడ్ ఒకటి.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా కథ అనుకోవద్దు. 1995లో దక్కను పీఠభూమి పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న రొట్టెలు తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గింజల్లో పట్టుకున్నది ఈ ఫ్యుమోనిసిన్‌నే. ఆ పల్లెల్లో వచ్చింది కాలేయ క్యాన్సర్ కాదు, ఒక్కసారిగా తగిలిన విషప్రభావం. మనుషుల్లోనూ క్యాన్సర్ తేగల అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ విషాన్ని చేర్చింది.

మామూలుగా ఉడికించినా, రొట్టె కాల్చినా ఇది పూర్తిగా పోదు. కోతల వేళ వాన పడితే కంకుల్ని బాగా ఎండబెట్టి నిల్వచేయండి. బూజుపట్టిన గింజను కడిగి వాడుకుందామని చూడకండి, పశువులకూ పెట్టకండి.