‘బ్లాక్’ అనే మాట: గుండె విద్యుత్ప్రసార జాప్యంలో ఎకో పరీక్ష స్థానం

నారాయణఖేడ్ తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు కలిసే ప్రాంతం. ఈ మూడు భాషల వాడుకలోనూ చేరిన వైద్యపదాలలో ‘బ్లాక్’ ఒకటి. తెలుగు వాడుకలో దానికి రక్తనాళంలో పూడిక అనే అర్థం స్థిరపడింది. అందువల్ల ఈసీజీ నివేదికలో ‘ఫస్ట్ డిగ్రీ ఏవీ బ్లాక్’ అని కనిపించగానే స్టెంటు వేయవలసి వస్తుందేమోనన్న భయం కలగడం సహజం.

నిజానికి అక్కడ పూడుకున్నదేదీ లేదు. గుండె పైగదులలో పుట్టిన విద్యుత్ప్రేరణ కింది గదులకు ఆలస్యంగానైనా ప్రతిసారీ చేరుతూనే ఉంటుంది. ఈ మార్గంలోని కణుపును జపాన్ శాస్త్రవేత్త సునావో తవారా 1906లో వర్ణించాడు. ఈసీజీ కాగితంపై ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లకు సమానం. పి తరంగం మొదలైనది మొదలు క్యూఆర్ఎస్ ప్రారంభమయ్యే వరకు ఐదు చిన్న గడులు, అంటే 200 మిల్లీసెకన్లు దాటితే పెద్దలలో దీనిని గుర్తిస్తారు. కనుక ‘అవరోధం’ కంటె ‘జాప్యం’ అన్న పదమే శాస్త్రార్థానికి దగ్గరగా ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరి టూడీ ఎకో అవసరమా? ఎకో శబ్దతరంగాల సాయంతో గుండె కండరాన్ని, కవాటాలను, రక్తప్రవాహాన్ని చూపుతుంది. విద్యుత్తును చూపదు, హృదయధమనులలోని పూడికను కూడా నేరుగా చూపదు. లక్షణాలు గాని, నిర్మాణదోషం ఉన్నదనే ఆధారం గాని లేనప్పుడు ఈ జాప్యం ఒక్కటే కారణంగా ఎకో చేయనవసరం లేదని 2018 నాటి అమెరికన్ హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎడమ శాఖ బ్లాక్ కొత్తగా బయటపడితే మాత్రం చేయాలన్నాయి. పేర్లు ఒకేలా ఉన్నా విధానం వేరు.

ఆయాసం, గుండెలో మర్మరధ్వని, కాళ్ల వాపు ఉంటే ఎకో సమంజసమే. జాప్యం 300 మిల్లీసెకన్లు దాటినప్పుడు కింది గదులు నిండే రెండు దశలు ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు. డాప్లర్‌లో అది స్పష్టంగా తెలుస్తుంది.

పిల్లల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. గొంతునొప్పి తగ్గిన కొన్ని వారాలకు జ్వరం, కీళ్ల వాపు వచ్చి, వయసుకు మించిన జాప్యం కూడా కనిపిస్తే రుమాటిక్ జ్వరాన్ని అనుమానించాలి. ఈ జాప్యం జోన్స్ ప్రమాణాలలో చిన్న లక్షణమే. కవాటాలు దెబ్బతిన్నాయనడానికి అది రుజువు కాదు. అయినా అనుమానం ఉన్న ప్రతి రోగికీ ఎకో చేయాలని 2015 సవరణ సూచించింది. స్టెతస్కోపుకు వినిపించని కవాటపు లీకు అందులో బయటపడవచ్చు. బయటపడితే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది చొప్పున ఏళ్ల తరబడి సాగే నివారణ చికిత్స ఎంతకాలమన్నది దానినిబట్టే నిర్ణయమవుతుంది.