ఓన్లీ (ఆంగ్ల పదము)

ఓన్లీ అనునది ఆంగ్ల భాషలో తరచుగా వాడబడు ఒక క్రియా విశేషణము. తెలుగులో దీనికి "మాత్రమే", "కేవలము" అని అర్థము. ఒకదానిని చెప్పి తక్కినవాటిని మినహాయించుట దీని పని. "ఓన్లీ సన్" (ఏకైక కుమారుడు) వంటి చోట్ల ఇదే పదము విశేషణమగును.

వ్యుత్పత్తి

ప్రాచీన ఆంగ్లములో "ఆన్" అనగా ఒకటి. దానికి "వంటి" అను అర్థము గల "లిక్" ప్రత్యయము చేరి ఏర్పడిన పదమే క్రమముగా "ఓన్లీ" అయినది. ఒకటిని నేడు "వన్" అని పలుకుచున్నను, "ఓన్లీ", "అలోన్" పదములలో పూర్వపు ఉచ్చారణ ఛాయ నిలిచియున్నది.

స్థానమును బట్టి అర్థము

వాక్యములో ఈ పదము స్థానము మారినచో అర్థము మారును.

* ఓన్లీ రవి గేవ్ సీత ఎ బుక్ - రవి మాత్రమే ఇచ్చెను, మరెవ్వరూ ఇవ్వలేదు.
* రవి గేవ్ ఓన్లీ సీత ఎ బుక్ - సీతకు మాత్రమే ఇచ్చెను.
* రవి గేవ్ సీత ఓన్లీ ఎ బుక్ - పుస్తకము మాత్రమే ఇచ్చెను.

"రవి ఓన్లీ గేవ్ సీత ఎ బుక్" అన్నచో, సంభాషణలో నొక్కి పలికిన పదమును బట్టి అర్థము తెలియును. వ్రాతలో సందిగ్ధత ఏర్పడును. ఓన్లీని సంబంధిత పదము ప్రక్కనే ఉంచవలెనని రాబర్ట్ లౌత్ 1762లో తన వ్యాకరణ గ్రంథములో సూచించెను. అపార్థమునకు తావులేనిచోట క్రియకు ముందు వాడుట సహజమేనని హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926లో అభిప్రాయపడెను. ఒప్పందములు, నిబంధనలు వ్రాయునపుడు మొదటి పద్ధతియే సురక్షితము.

తెలుగువారి వాడుక

తెలుగులో "మాత్రమే" పదము తరువాత వచ్చును. ఆంగ్లములో ఓన్లీ సాధారణముగా ముందు వచ్చును. అంతేకాక, తెలుగులోని "ఏ" ప్రత్యయము మినహాయింపునకే గాక, నొక్కి చెప్పుటకు కూడ ఉపయోగపడును. "హైదరాబాదులోనే ఉన్నాడు" అను భావముతో "హీ ఈజ్ ఇన్ హైదరాబాద్ ఓన్లీ" అనుట భారతీయ ఆంగ్లములో సామాన్యము. ఇతర దేశముల ఆంగ్ల భాషీయులకు ఇది వింతగా తోచవచ్చును.

ఇఫ్, ఓన్లీ ఇఫ్

గణితములో "ఇఫ్" చాలినంత నియమమును, "ఓన్లీ ఇఫ్" తప్పనిసరి నియమమును తెలుపును. ఒక సంఖ్య సరిసంఖ్య అయిననే 4చే నిశ్శేషముగా భాగింపబడును. ఇచ్చట "ఓన్లీ ఇఫ్" సరియైనది. "ఇఫ్" అన్నచో తప్పు, ఏలననగా 6 సరిసంఖ్యయే అయినను 4చే నిశ్శేషముగా భాగింపబడదు. "ఇఫ్ ఓన్లీ" అనునది వేరు. అది "అలా జరిగియుంటే ఎంత బాగుండును" అను కోరికను తెలుపును.

బ్యాంకు చెక్కులపై

చెక్కుపై సొమ్మును అక్షరములలో వ్రాసి చివర "ఓన్లీ" లేదా "మాత్రమే" అని చేర్చుట ఆచారము. ఆ తరువాత మరొక పదము చేర్చి సొమ్మును పెంచకుండ ఇది అడ్డుపడును.