ఇరుక్కున్న గుండు

"గుండు బిగుతుగా ఉంటేనే సూటిగా పోతుందన్నారు కదా సార్, మరి పాతకాలంలో మూతిలోంచి దాన్ని లోపలికెలా దించేవారు?" న్యూటన్ నియమాల పాఠంలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. తుపాకీ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు ఇదే.

బ్రిటిష్ సిపాయిలు మోసిన బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం వెడల్పు 0.75 అంగుళాలు. గుండు సుమారు 0.69. అది జారుకుంటూ దిగేది. కానీ పేల్చినప్పుడు వాయువు పక్కలనుంచి తప్పించుకునేది, గుండు గోడలకు తగులుతూ బయటపడి ఎటో పోయేది. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాడులుంటాయి. సీసపు గుండు వాటిని కరుచుకుంటేనే గిర్రున తిరుగుతూ సూటిగా వెళ్తుంది. అందుకని చాలాచోట్ల గుండును సుత్తితో కొట్టి మరీ దించేవారు. దానికి తోడు మసి. ఆనాటి తుపాకీ మందు కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొన్నిసార్లు పేల్చేసరికి గొట్టం ఇరుకై, గుండు సగం దారిలో ఆగిపోయేది.

అసలు ప్రమాదం అక్కడే. ఆగిన గుండుకూ అడుగునున్న మందుకూ మధ్య ఖాళీ ఉంటుంది. అలాగే పేలిస్తే వాయువు ఆ ఖాళీలో వేగం పుంజుకొని, కదలని గుండును ఢీకొని ఆగిపోతుంది. ఆ వేగమంతా ఒక్కచోట ఒత్తిడిగా మారి గొట్టాన్ని ఉంగరంలా ఉబ్బిస్తుంది, లేదా చీల్చేస్తుంది. పోనీ, కడ్డీతో లోపలికి బాదుదామా? సీసం మెత్తన. దెబ్బకు అణిగి, పక్కలకు పరుచుకుని మరింత బిగుస్తుంది.

కాబట్టి లాగాలి. అందుకు దట్టించే కడ్డీ కొసకు బిగించే చిన్న మరమేకు ఉండేది. ముందు నిప్పు పుట్టించే క్యాప్ తీసేసి, మందు పనికిరాకుండా నీళ్ళతో తడిపేవారు. మరమేకు చుట్టూ ఉన్న ఇత్తడి పట్టీ దాని మొనను గొట్టం నడిమధ్యన నిలిపి, గాడులకు గీత పడకుండా కాపాడేది. మొన సీసంలోకి దిగాక కడ్డీని లాగితే గుండు వెంట వచ్చేది. బాదితే బిగుసుకున్న మెత్తదనమే ఇప్పుడు మరకు పట్టునిచ్చింది!

ఆ మెత్తదనంతోనే అసలు చిక్కూ విడింది. ఫ్రాన్స్‌లో డెల్వీన్ గుండును వదులుగా దించి, గొట్టం అడుగున ఉన్న అంచు మీద కడ్డీతో బాది వెడల్పు చేశాడు. 1849లో మినియే ఆ బాదే పనిని పేలుడుకే అప్పగించాడు. మొనదేలిన తూటా వెనక గుంట, అందులో చిన్న ఇనుప గిన్నె. పేలగానే తేలికైన గిన్నె ముందు కదులుతుంది. బరువైన సీసం జడత్వం వల్ల వెనకబడుతుంది. గిన్నె చీలలా దూరి సీసాన్ని గాడుల్లోకి నెడుతుంది. లోపలికి వదులు, బయటికి బిగుతు. ఒక్కోసారి గిన్నె తూటాను చీల్చుకుపోయి దాని సీసాన్ని గొట్టంలోనే వదిలేసేది, మళ్ళీ అదే తంటా. అమెరికాలో జేమ్స్ బర్టన్ గిన్నెనే తీసేశాడు. తూటా వెనకనున్న పలచటి అంచును వాయువే విప్పుతుందని చూపాడు.

ఈ కీర్తి మినియే ఒక్కడిదే అంటే నేనొప్పుకోను. బ్రిటిష్ కెప్టెన్ జాన్ నార్టన్ దక్షిణ భారతంలో ఊది వదిలే బాణాలను చూశాడు. వాటి వెనకనున్న మెత్తటి బెండు ఉబ్బి గొట్టాన్ని మూసేసేది. ఆయన బోలు తూటాకు ప్రేరణ అదే. తర్వాత విలియం గ్రీనర్ చేసిన ఉబ్బే తూటాను బ్రిటన్ తోసిపుచ్చింది. మినియేకు 20,000 పౌండ్లిచ్చిన ఆ ప్రభుత్వమే 1857లో గ్రీనర్‌కు 1,000 పౌండ్లు చేతిలో పెట్టింది. అది అన్యాయమే.

సిపాయిలకిచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలకు పూసిన కొవ్వు కూడా గొట్టంలో పేరుకునే మసిని మెత్తబరచడానికే. దాని పర్యవసానం, 1857 సిపాయిల తిరుగుబాటు, మనకు తెలిసిందే. ఆ తిరుగుబాటు రోజుల్లో మన ఎండలకు తూటాలు ఇరుక్కోవడంతో వాటి వెడల్పును 0.568 నుంచి 0.55 అంగుళాలకు తగ్గించారు. వెనకనుంచి నింపే తుపాకులొచ్చాక మరమేకు మూలపడింది.

తూటా ఇరుక్కోవడం మాత్రం పోలేదు. తూటాలో మందు లేకపోతే వెనకనున్న, నిప్పు రగిలించే ప్రైమర్ ఒక్కటే గుండును గొట్టంలోకి నెట్టి వదిలేస్తుంది. 1993లో 'ది క్రో' చిత్రీకరణలో జరిగిందదే. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. తర్వాత పేల్చిన, గుండు లేని ఉత్త మందు తూటా, ఇరుక్కున్న గుండును బయటికి తోసి నటుడు బ్రాండన్ లీ ప్రాణం తీసింది. అందుకే చప్పుడు బలహీనంగా వినిపిస్తే ఇంకోసారి పేల్చవద్దు. గొట్టాన్ని జనం లేని వైపు తిప్పి, తుపాకీని ఖాళీ చేసి, తుపాకుల బాగోగులు చూసే ఆర్మరర్‌కు అప్పగించండి.