మరువం పెంచుకుందాం రండి



మల్లెలూ కనకాంబరాలూ మాల కట్టేటప్పుడు మధ్యమధ్య రెండు మరువపు రెబ్బలు పెడితే ఆ మాలకి వచ్చే అందమే వేరు. పూలు వాడినా మరువం వాసన జడని వదలదు. ఆ మొక్క ఇంట్లోనే ఉంటే బాగుండునని మనందరికీ ఉంటుంది. తెచ్చి నాటుకున్నవాళ్లు మాత్రం “మా ఇంట మరువం బతకదండీ” అంటూంటారు. నేనూ ఒకప్పుడు ఆ మాట అన్నదాన్నే.

మేము రాజమండ్రి నుంచి హైదరాబాదుకి కాపురం మారినప్పుడు మా అత్తయ్యగారు తాను పెంచిన మరువం కుండీని నా చేతికిచ్చారు. మరుసటి ఏడే ఆవిడ కాలం చేశారు. దాంతో ఆ కుండీ మీద నాకు మమకారం మరీ ఎక్కువైంది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోసేదాన్ని. ఆకులు పసుపు రంగుకి తిరిగితే దాహమేమో అనుకుని మరో చెంబు పోశాను. శ్రావణమాసపు ముసురులో మొక్క కాస్తా పోయింది. పీకి చూద్దును కదా, వేళ్లు నల్లబడి మెత్తగా ఊడొచ్చాయి.

తప్పెక్కడుందో తర్వాత తెలిసింది. మరువం మన తులసి, పుదీనాల కుటుంబంలోది. సబ్బులకీ అత్తర్లకీ పేరుపడ్డ లావెండరు కూడా వీటి చుట్టమే. అయితే లావెండరూ మరువమూ పుట్టింది మధ్యధరా సముద్రపు ప్రాంతాల్లో. అక్కడ ఎండాకాలంలో వానలుండవు. నీరు నిలవని రాతినేలల్లో ఇవి పెరుగుతాయి. అందుకని పుదీనాలాగా ఎప్పుడూ తడి కోరవు. మట్టి ఆరకపోతే గాలాడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీరు తాగలేవు గనుక మొక్క వాడినట్టే కనిపిస్తుంది. మనమేమో దాహమనుకుని ఇంకా పోస్తాం!

నాటడానికి వానలు తగ్గిన కార్తీకమాసం మంచిది. ఎనిమిది అంగుళాల మట్టికుండీ తీసుకోండి. అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు మీద పెంకుముక్క బోర్లించి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపండి. పూతలేని లేత కొమ్మను నాలుగంగుళాలు తుంచి, కింది ఆకులు తీసేసి, సగం మట్టిలోకి గుచ్చండి. నీడన ఉంచి, కాస్త చెమ్మ ఉండేలా చూడండి. మూడు నాలుగు వారాల్లో కొత్త చిగురు కనిపిస్తే వేరు పట్టినట్టే.

వేరు పట్టాక నీళ్ల విషయంలో చెయ్యి బిగబట్టాలి. మట్టిలో వేలు అంగుళం లోతున గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూటకి నీళ్లు వద్దు. పొడిగా ఉంటే చిల్లులోంచి కారేదాకా పోసి, కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. వైశాఖ, జ్యేష్ఠాల్లో మధ్యాహ్నం కాస్త నీడ చాలు. ముసురు పడితే కుండీని వరండాలోకి జరపండి.

ఇక కత్తెర దగ్గర జాలి పనికిరాదు. కొసలు తుంచుతూంటే పక్కకొమ్మలు వేసి గుబురుగా ఎదుగుతుంది. మొగ్గ కనిపించగానే తుంచెయ్యండి. పూతకొస్తే కొత్త ఆకు తగ్గిపోతుంది. అలాగని ఒకేసారి మూడోవంతుకి మించి కొయ్యకండి. ఆకుల్లేని ముదురు కాండం దాకా కోస్తే మళ్లీ చిగురించకపోవచ్చు. మాలలకి పోగా మిగిలిన రెబ్బల్ని నీడన ఎండబెట్టి, పల్చని గుడ్డసంచీలో పోసి బీరువాలో చీరల మధ్య పెట్టుకోండి.

మా అత్తయ్యగారి మొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఏడు సంక్రాంతికి రాజమండ్రి వెళితే, ఎదురింటి పిన్నిగారి పెరట్లో మరువం గుబురుగా కనిపించింది. “ఇది మీ అత్తగారిచ్చిన రెబ్బేనమ్మాయ్” అన్నారావిడ. నాకు నోట మాట రాలేదు. నాలుగు రెబ్బలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. ఇవాళ మా డాబా మీదున్నది అదే.

మరువం ఎంత బాగా పెంచినా కొన్నేళ్లకి ముదిరిపోతుంది. అందుకని ఏటా రెండు రెబ్బలు నాటండి. ఒకటి మీరుంచుకుని, రెండోది పక్కింటావిడకివ్వండి. ఎప్పుడైనా మీది పోతే, వెళ్లి అడిగి తెచ్చుకోవడానికి ఒక గడప ఉంటుంది.

సెలవు.