కంప్యూటరు మేల్కొననప్పుడు

ఇంటి కంప్యూటరు నేడు కేవలము ఆటవస్తువు గాదు. పాలలెక్కలు, చీటీపద్దులు, పిల్లల పాఠములు, పెండ్లినాటి ఛాయాచిత్రములు, దూరదేశమున నున్న బిడ్డల లేఖలు, ఇవన్నియు నొకప్పుడు భోషాణమునం దుండెడివి. ఇప్పు డా యంత్రమునం దున్నవి. అట్టిది యొకనాటి యుదయమున మీట నొక్కినను మేల్కొనక, నల్లని తెరమీద తెల్లని యక్షరములు నాలుగు చూపి యూరకుండెనేని గృహిణికి గుండె ఝల్లుమనుట సహజము. బాగుచేయువాని యొద్దకు గొనిపోయినచో తఱచుగా వినవచ్చు మాట యొక్కటే: "ఫార్మాట్ కొట్టాలమ్మా!" ఫార్మాట్ అనగా డిస్కులో నున్నదానిని తుడిచివేసి క్రొత్తగా మొదలిడుట. తలుపు రాలేదని యిల్లు పడగొట్టుమన్నట్లున్నది కదా!

సోదరీమణులారా! రెండు హార్డుడిస్కులు గలిగి, ఒకదానియందు విండోసును, రెండవదానియందు లినక్సును నున్న కంప్యూటరు విషయమున నీ మాటను మఱింత జాగ్రత్తగా వినవలెను. అట్టి యంత్రము మేల్కొనకపోవుటకు గారణము చాలమారులు ద్వారమువద్దనే యుండును. లోపలి సామగ్రి చెక్కుచెదరక యుండును. కావున తుడిచివేయుటకు ముందు ఏ మెట్టుమీద నాగినదో కనుగొని, ఆ మెట్టునే సరిచేయవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దిదియే.

ఒకయింట రెండు విధానము లెందుకని కొంద ఱడుగవచ్చును. విండోసు 10నకు సాధారణ సంరక్షణను మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసిరి. పాత కంప్యూటర్లు పెక్కు విండోసు 11నకు తగనివి. అందుచే నున్నదానిని దీసివేయక ప్రక్కనే లినక్సును నిలుపుకొనువారు కలరు. దీని మూలభాగమును ఫిన్లండుదేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించెను. ఉబుంటు మొదలగు దాని రూపములను వెల యీయకయే పొందవచ్చును. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగు మాటలతో గనబడు రూపమును గూడ సిద్ధపఱచిరి. పిల్లవాని చదువునకు లినక్సు, ఇంటియజమాని లెక్కలకు విండోసు కావలసివచ్చినప్పుడు, ఒక్కొక్కదాని కొక్కొక్క డిస్కు నిచ్చుట మంచి యేర్పాటే.

మేలుకొలుపు క్రమము

మీట నొక్కినది మొదలు యంత్రము నాలుగు మెట్లెక్కును. మొదటి మెట్టు, దాని మూలఫలకమున నుండు చిన్న ప్రోగ్రాము. ఇది జ్ఞాపకశక్తిని, మీటలపలకను, డిస్కులను పిలిచి హాజరు తీసికొనును. రెండవ మెట్టు, ఏ డిస్కును ముందుగా దెఱవవలెనో తన పట్టికలో జూచుకొనుట. మూడవ మెట్టు, ఆ డిస్కులోని ద్వారపాలకుని లేపుట. విండోసునకు తన ద్వారపాలకుడు కలడు. లినక్సునకు సాధారణముగా గ్రబ్ అనువాడు. నాలుగవ మెట్టున ద్వారపాలకుడు అసలు విధానమును లేపి దానికి పెత్తన మప్పగించును.

మొదటి మెట్టునందలి ప్రోగ్రాము రెండు తెగలు. 1981లో ఐబీఎం కంపెనీవారి పీసీతో వచ్చిన బయాస్ పాతది. ఇది డిస్కు మొట్టమొదటనున్న 512 బైట్లను మాత్రమే చదువును. వానిలో 446 మేలుకొలుపునకు, 64 డిస్కులోని విభాగముల పట్టికకు, కడపటి 2 గుర్తునకు. క్రొత్తది యూఈఎఫ్ఐ. దీని నియమములను గాచుటకు 2005లో కంపెనీల సంఘ మొకటి యేర్పడెను. ఈ పద్ధతిలో ద్వారపాలకులకు డిస్కుమీద ఈఎస్పీ యను చిన్న గది ప్రత్యేకముగా నుండును. వారి పేర్లు మూలఫలకమునందలి పట్టికలో వ్రాయబడి యుండును. ఒక విధానమును పాతపద్ధతిని, మఱియొకదానిని క్రొత్తపద్ధతిని నెలకొల్పినచో ఒకదాని ద్వారపాలకుడు రెండవదానిని లేపలేడు. ఆరంభమున మూలఫలకపు పట్టికనుండియే కోరవలెను.

రెండు పొయిలు, ఒక తాళపుచెవి

ఇపు డసలు చిక్కునకు వచ్చుచున్నాము. తోడికోడండ్రిద్దఱు వేఱుపడి, చెఱియొక వంటయిల్లు పెట్టుకొనియు, వీధితలుపు తాళపుచెవిని మాత్ర మొకరి కొంగుననే యుంచిరనుకొనుడు. ఆమె పుట్టినింటికి బోయిననాడు రెండవయామె వాకిట నిలువవలసినదే. రెండు డిస్కుల కంప్యూటర్లలో దఱచుగా జరుగున దిదియే. లినక్సును రెండవ డిస్కుపై నెలకొల్పినను, దాని ద్వారపాలకుని మొదటి డిస్కులోని ఈఎస్పీ గదియందే యుంచు పద్ధతి కొన్ని నెలకొల్పు ప్రోగ్రాములకు గలదు. విండోసును రెండవసారి నెలకొల్పునప్పుడును, అదివఱకే యొక డిస్కున నట్టి గది యున్నచో దానినే వాడుకొనుట కలదు. అప్పటికి రెండును జక్కగా నడచుచుండును. కొంతకాలమునకు మొదటి డిస్కు చెడినను, పాతదని తీసివేసినను రెండవదియు లేవదు. రెండవడిస్కు పోయినదని యనుకొందురు; అది క్షేమముగనే యుండును. పోయినది తాళపుచెవి మాత్రమే.

గుర్తులు, వాని యర్థములు

తెరమీద గనబడిన మాటల నున్నవి యున్నట్లు కాగితముమీద వ్రాసికొనుట, లేదా ఫోనుతో జిత్రము తీయుట మొదటిపని. ఆ మాటలే మె ట్టేదియో చెప్పును.

"నో బూటబుల్ డివైస్" యనిన, తెఱవదగిన డిస్కు కనబడలేదని యర్థము. కంప్యూటరు లేచునప్పుడు నియమిత మీటను నొక్కి పట్టికను జూడవలెను. డెల్, లెనోవో యంత్రములు పెక్కింట నిది ఎఫ్ 12. హెచ్‌పీ యంత్రములు పెక్కింట ఎఫ్ 9. ఆ పట్టికలో డిస్కు పేరే లేనియెడల తీగ వదులైనదేమో చూడవలెను. బల్లమీది కంప్యూటరైనచో, కరెంటు పూర్తిగా దీసివేసి, తీగను రెండుకొనలయందును ఊడదీసి మరల గట్టిగా దూర్చినంతనే బాగుపడుట కలదు. పేరున్నను లేవనియెడల పట్టికలోని వరుస మాఱినదేమో చూడవలెను.

తారీఖు తనంతట తానే యేండ్లు వెనుకకు బోయినచో మూలఫలకమునందలి గుండ్రని బ్యాటరీ నీరసించినదని యెఱుగవలెను. ఇది చాల యంత్రములలో సీఆర్ 2032 అను 3 వోల్టుల బిళ్ళ. అది నీరసించినపుడు మూలఫలకపు ఏర్పాట్లు కొన్ని మొదటిస్థితికి బోవచ్చును. వానిలో డిస్కును నడపు పద్ధతి మాఱిపోయినచో విండోసు నీలితెర చూపి, తన డిస్కును దెఱవలేకున్నానని చెప్పును. ఆ యేర్పాటును మునుపటివలె మార్చినచో లేచును.

లినక్సు మాటయే రాక నేరుగా విండోసు వచ్చినచో భయపడనక్కఱలేదు. పెద్ద మార్పుల పిదప విండోసు పట్టికలో తన్ను ముందు నిలుపుకొనుట కలదు. లినక్సు పేరును మరల ముందునకు దెచ్చిన జాలును.

"గ్రబ్ రెస్క్యూ" యని కనబడి, ప్రక్కన గీత మినుకుమినుకుమనుచుండెనేని ద్వారపాలకుడు లేచెను గాని తన సామానున్న విభాగము వానికి దొరకలేదని యర్థము. ఆ డిస్కు ఊడినను, ఆ విభాగమును తుడిచినను, దాని సంఖ్య మాఱినను ఇట్లగును. అప్పుడును పట్టికనుండి విండోసును నేరుగా గోరవచ్చును.

లినక్సు సగము లేచి, 1 నిమిషము 30 సెకండ్లు దేనికొఱకో వేచి, పిదప "ఎమర్జెన్సీ మోడ్" అనిన, రోజును తెఱచు రెండవడిస్కు నేడు కానరాలేదని యర్థము. లినక్సు తెఱవవలసిన డిస్కుల జాబితాను ఒక ఫైలునందు వ్రాసికొనును. దానినుండి యా పేరును దొలగించినను, అది లేకున్నను సాగిపొమ్మని వ్రాసినను సరిపోవును.

2024 ఆగస్టులో విండోసునకు వచ్చిన మార్పొకటి కొన్ని యంత్రములలో పాత లినక్సు ద్వారపాలకుని లోనికి రానీయలేదు. "సెక్యూరిటీ పాలసీ వయోలేషన్" అను మాట కనబడి కంప్యూటరు ఆగిపోయెడిది. ద్వారపాలకుల ముద్రలను బరీక్షించు సెక్యూర్ బూట్ అను కావలి పాతముద్రను త్రోసిపుచ్చుటయే దానికి గారణము. ఆ కావలిని తాత్కాలికముగా నాపి, లినక్సునకు క్రొత్త ద్వారపాలకుని దెచ్చుకొని, మరల గావలి నుంచుట దానికి మందు.

ఇట నొక హెచ్చరిక. విండోసు డిస్కునకు బిట్‌లాకర్ అను తాళము వేసియున్నచో, ఇట్టి మార్పులు చేసినంతనే 48 అంకెల తాళపుమాటను అడుగవచ్చును. క్రొత్త ల్యాప్‌టాప్‌లలో ననేకమునకు ఈ తాళము యజమానికి దెలియకయే పడియుండును. ఆ యంకెలు సాధారణముగా మైక్రోసాఫ్టు ఖాతాయందు భద్రపఱపబడి యుండును. వానిని కాగితముమీద వ్రాసి, బీరువాలో దస్తావేజులతో దాచిన పిదపనే మూలఫలకపు టేర్పాట్లను ముట్టవలెను. ఆ యంకెలు పోయినచో డిస్కు చక్కగా నున్నను లోపలి చిత్రములు దక్కవు.

గడియారము 5 గంటల 30 నిమిషములు తేడా చూపుట మాత్రము రోగము గాదు. లినక్సు మూలఫలకపు గడియారమును గ్రీనిచ్ కాలమునందును, విండోసు మన కాలమునందును ఉంచుకొనును. ఏదో యొకదానిని రెండవదాని పద్ధతికి మార్చుకొన్న సరి.

మొదట చేయవలసినది

ఏ మందు వేయుటకైనను ముందు విలువగలవానికి ప్రతి తీయవలెను. పెన్‌డ్రైవునుండియే నడచు లినక్సు కలదు. దానిని వేఱొక కంప్యూటరులో సిద్ధముచేసి, చెడిన యంత్రమును దానితో లేపి, నెలకొల్పుమను కోరికను నొక్కక, "ట్రై" అను దానినే కోరవలెను. అపుడు డిస్కులలోని సంచులు కనబడును. చిత్రములను, లెక్కలను, పాఠములను వేఱొక డిస్కునకు ఎక్కించుకొనవలెను. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయుచున్నయెడల నిది ద్వారపు చిక్కు గాదు, డిస్కునకే రోగము. మరల మరల లేపి చూడక యంత్రము నాపివేసి, డిస్కులోని సామగ్రిని వెలికిదీయు పనియందు నేర్పరియగు వానికి జూపవలెను.

ప్రతి తీసిన పిదపనే మందు. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలమేమో చూచి, కాగితముమీద వ్రాసి, పిదప రెండవ మార్పునకు బోవలెను. ఒక్కసారిగా నాలుగు మార్చినచో ఏది మేలుచేసినదో, ఏది కీడుచేసినదో తెలియరాదు.

విధిలేక నొకదానిని క్రొత్తగా నెలకొల్పవలసివచ్చెనేని, ఏ డిస్కును తుడుచుచున్నారో ఒకటికి రెండుమారులు చూడవలెను. రెండు డిస్కుల యింట జరుగు ఘోరప్రమాదము తప్పుడు డిస్కును తుడిచివేయుటయే. పరిమాణమే మంచి గుర్తు. 256 జీబీ డిస్కును విండోసు సుమారు 238 అనియు, 1 టీబీ డిస్కును సుమారు 931 అనియు జూపును. లినక్సు పనిముట్లు కొన్ని 256 అనియు, 1000 అనియు జూపును. లెక్కించు పద్ధతులు వేఱు గాని డిస్కు లవియే.

మరల రాకుండుటకు

క్రొత్తగా రెండు విధానముల నుంచుకొనువారు ఒక చిన్న నియమము పాటించినచో చిక్కులు చాలవఱకు దొలగును. ఒక విధానమును నెలకొల్పునప్పుడు రెండవ డిస్కు తీగను దీసివేయవలెను. అపుడు దాని ద్వారపాలకుడు దాని డిస్కుమీదనే కుదురుకొనును. పిదప రెండవదానిని అట్లే నెలకొల్పి, రెండు తీగలను దగిలించి, ఏది కావలెనో ఆరంభమున పట్టికనుండి కోరుకొనవచ్చును. ఒక డిస్కు చెడినను రెండవది తన తాళపుచెవితో తాను లేచును.

దుకాణమునకు గొనిపోవలసివచ్చినను వెఱవక నాలుగు ప్రశ్న లడుగవలెను. డిస్కు పట్టికలో గనబడుచున్నదా? ఏ మెట్టువద్ద నాగినది? తుడుచుటకు ముందు ప్రతి తీయుదురా? తుడువదలచినది రెండింటిలో నే డిస్కు? పనివాడు మంచివాడైనచో నీ ప్రశ్నలకు సంతోషించును. సమాధానము చెప్పలేనివాని చేతిలో నింటి చిత్రములను బెట్టకుండుటయే మేలు. బీరువా తాళములను, బియ్యపుకొట్టును కనిపెట్టి చూచుకొను గృహిణికి ఈ నాలుగు మెట్లు కొఱుకుడుపడనివి గావు. ఈ వారముననే తీరిక చూచుకొని బిట్‌లాకర్ అంకెలు వ్రాసియుంచుడు. చిత్రములకు రెండవప్రతి తీయుడు. ఏ డిస్కున నేమున్నదో పెట్టెపై చీటీ యంటింపుడు.