సుర్మా, గోరింట

నంద్యాల, ఆళ్లగడ్డల నడుమనున్న మన శిరివెళ్లలో స్నో, పౌడరు ఎన్ని వచ్చినను సుర్మాదానికి మర్యాద తగ్గలేదు. కన్నులకు చలువయని పెద్దలు పసిబిడ్డలకు సైతము సుర్మా దిద్దుదురు. అయితే పరీక్షింపగా పెక్కు సుర్మాలలో నున్నది గెలీనా, అనగా సీసము, గంధకము కలిసిన ఖనిజమని తేలినది. బిడ్డ కన్ను నులిమి ఆ వ్రేలే నోట బెట్టుకొనును. సీసము కడుపులో జేరి రక్తహీనత కలిగించును; మెదడు ఎదుగుదలను కుంటుపరచును. దాదీ మాటకు ఎదురాడుట కష్టమే. అయినను ఈ ఒక్క విషయమున మనము నోరు విప్పక తప్పదు.

గోరింట సంగతి వేరు. ఆకులోని లాసోన్ అను రంగు చర్మమునందలి మాంసకృత్తులతో కలిసి ఎఱ్ఱబారును. ఇందుకు కొన్ని గంటలు పట్టును. నిమిషములలో పండునని అమ్మెడి నల్ల మెహందీలో తరచు తలరంగు రసాయనము కలుపుదురు. దానివలన కొందరికి చేతులు బొబ్బలెక్కును. పండుగకు చేతులు పండవలెనన్న ముందునాటి రాత్రియే ఆకు రుబ్బుకొందము.